గృహాలంకరణమున యవన శిల్పము



క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దిలో రోమునగరమున మహావక్తగాను రాజనీతిజ్ఞుడుగాను పేరుగాంచిన సిసెరో, గాలస్ అను మిత్రునకు వ్రాసిన జాబొకటి నేటికిని నిలిచియున్నది. ఆ మిత్రుడు సిసెరోగారి యింటికొరకై, ఆయన మనసెరుగకయే, నాలుగైదు విగ్రహములను తగని వెలపెట్టి కొనిపెట్టెను. వానిలో మద్యదేవతయైన బాకస్సును కొలుచు ఉన్మత్తనర్తకులు కొందరు. యుద్ధదేవతయైన మార్స్ ఒకడు. కోపమును హాస్యమును కలబోసి సిసెరో వ్రాసినదాని సారాంశమిది: విద్యాధిదేవతలైన మ్యూజులైనచో గ్రంథాలయమున కమరియుందురు గాని, యీ నర్తకులకు మాయింట చోటెక్కడ? అవి అందమైనవే, నేను పలుమారులు చూచినవే; కావలసినచో నేనే పేరుపెట్టి చెప్పియుండనా? శాంతికొరకు పాటుపడు నావంటివానికి యుద్ధదేవతతో పనియేమి? కుజునితోపాటు శనిని గూడ కొనలేదు, అంతవరకు నయము. ఆ యిద్దరును జతగా ఇల్లు సొచ్చియుండినచో నేను అప్పులపాలగుట నిశ్చయము! పరిహాసము రోమకులదే యైనను, కుజునికిని శనికిని జడియు మన తెలుగువారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు.

ఈ జాబును ముందుగా ప్రస్తావించుటకు కారణము లేకపోలేదు. యవనశిల్పమును, అనగా గ్రీకుల శిల్పమును, ఇంట నిలుపుకొనుట యీ నడుమ పుట్టిన వేడుక కాదు. రెండువేల యేండ్లకు పైబడిన యలవాటు. ఏ ప్రతిమ ఏ గదికి తగును, అందమైన ప్రతి వస్తువును మనయింటికి తేవలసినదేనా, వెలకును విలువకును పొత్తెంత అను ప్రశ్నలు ఆనాడే పుట్టియున్నవి. సిసెరో టస్కులమ్ అను చోట తనకున్న తోటయింటిలో ఒక వ్యాయామశాలను ఏర్పరచి, ప్లేటో విద్యాపీఠమును స్మరించి దానికి అకాడమీ యని పేరుపెట్టుకొని, ఏథెన్సులో కాపురమున్న ప్రాణమిత్రుడు అట్టికస్ ద్వారా మెగారానుండి విగ్రహములను తెప్పించెను. వానికి 20,400 సెస్టర్సులు చెల్లించినట్లు ఆయన జాబులవలననే తెలియుచున్నది. పెంటెలికస్ కొండ చలువరాతి కంబములపై కంచుతలలను పొదిగిన హెర్ములను సైతము పంపుమని ఆయన తొందరచేసిన తీరు చూచినచో, మహావక్తయు నూతనగృహప్రవేశము చేయబోవు సామాన్య గృహస్థుడును ఈ విషయమున ఒకేవిధముగా నుందురని తోచును.

సిసెరోవంటి ధనికులు రోమున వేలకొలది యుండిరి. వారందరికిని చాలునన్ని యవనమూలప్రతిమలు లోకమున లేవు. అందుచేత నకళ్లు తీయు పని పుట్టెను. నేడు మనము గ్రీకుశిల్పమని తలచి మురియుచున్న ప్రతిమలలో హెచ్చుభాగము ఆ నకళ్లే. మైరాన్ నిర్మించిన చక్రక్షేపకుడు, పాలిక్లైటస్ నిర్మించిన శూలధారి, ఈ రెండును మొదట క్రీస్తుపూర్వము 5వ శతాబ్దినాటి కంచుపోతలు. కంచు కరగించినచో నాణెములకును ఆయుధములకును పనికివచ్చును గనుక అవి కరగిపోయినవి. వాని రూపము మనకు దక్కినది రోమకులు తమ యిండ్లకును తోటలకును స్నానశాలలకును చలువరాతిలో చెక్కించుకొన్న ప్రతికృతులవలననే. కాబట్టి, “అయ్యో, అది నకలే గదా!” యని మూతి విరుచువారు ఏ మహామందిరములోని శూలధారి యెదుట నిలిచి నమస్కరింతురో, ఆ శూలధారియు నకలే యని వారి చెవిలో మెల్లగా చెప్పవలసియున్నది.

ఆ నకళ్లు తీసిన తీరును గూర్చి 1954లో ఒక చక్కని సాక్ష్యము దొరకినది. నేపుల్స్ సమీపమున బాయియే అను ప్రాచీన విహారస్థలపు శిథిలములలో వందలకొలది ప్లాస్టరు ముక్కలు బయల్పడగా, అవి యవనకంచుప్రతిమలనుండి సూటిగా తీసిన పోతలనియు, నకళ్లు చెక్కు శిల్పులు వానిని ఎదుట నుంచుకొని పనిచేసిరనియు పండితులు గుర్తించిరి. ఏథెన్సువారు నిరంకుశుని కూల్చిన వీరులుగా పూజించిన హర్మోడియస్, అరిస్టోజైటాన్ అను నిరువురిలో రెండవవాని ముఖపు తునక సైతము అందులో నున్నది. ఆ పోతలకు నాలుగు శతాబ్దులకు ముందే, లిసిప్పస్ అను మహాశిల్పి సోదరుడు లిసిస్ట్రాటస్, ప్రతిమలనుండి ప్లాస్టరుపోతలు తీయు విధానమును కనిపెట్టెనని రోమకగ్రంథకర్త ప్లినీ వ్రాసియుండెను. కంచునుండి రాతికి మారునపుడు ఒక చిక్కు వచ్చినది. కంచుబొమ్మ లోపల బోలు గనుక రెండు పాదములపై నిలువగలదు. రాతిబొమ్మకు చీలమండలకడ బలము చాలదు. అందుచేత నకలుచెక్కినవాడు కాలిప్రక్కన ఒక చెట్టుమొద్దును చేర్చెను. మోచేతికిని తుంటికిని నడుమ ఒక రాతిపుల్లను విడిచెను. ఎవ్వరి యింటనైనను ప్రతిమ తొడవెనుక అర్థములేని మొద్దు కనబడినచో, మూలము కంచై యుండవచ్చునని ఊహింపవచ్చును.

హెర్క్యులేనియమ్ అను ఊర, వెసూవియస్ అగ్నిపర్వతపు బురదక్రింద పదునేడు శతాబ్దులు పూడియుండి, 1750లో త్రవ్వకమునకు దొరకిన భవనమొకటి యున్నది; పపైరస్ చుట్టలు దొరకుటచేత దానికి పపైరస్ భవనమను పేరే స్థిరపడినది. ఆ గృహస్థుడు ఎనుబదికి మించిన కంచు, చలువరాతి ప్రతిమలతో ఇంటిని అలంకరించుకొనెను. వానిలో నాకు మిక్కిలి నచ్చినది శూలధారి తల. ఏథెన్సువాడైన అపోలోనియస్, ఆర్కియాస్ కుమారుడు, దానిని కంచులో పోతపోసి తన పేరు చెక్కుకొనెను. నిలువెత్తు వీరుని ఇంట దూర్చుటకు బదులు, తలను భుజములవరకు మాత్రము తీసి, కంబముపై నిలిపినచో నడవలో నడచువాని కన్నులకు సరిగా ఎదురగునని గ్రహించిన ఆ పోతపనివాని వివేకమును తరువాతివారు పలుమారులు మరచిరి.

పునరుజ్జీవనకాలమున, అనగా పదునారవ శతాబ్దిలో, ఈ ముచ్చట రాజులకు అంటుకొన్నది. 1506 జనవరిలో రోమున ఒక ద్రాక్షతోటలో లావోకోవాన్ శిల్పము బయటపడుటయు, రెండవ జూలియస్ పోపు దానిని అపోలో ప్రతిమతోపాటు బెల్వెడెరి ప్రాంగణమున నిలుపుటయు జరిగినపిదప, యూరపులోని ప్రతి ప్రభువునకును అవి కావలెనను కోరిక పుట్టెను. పోపు ఈయడు, కొనుట కుదరదు. అందుచేత ఫ్రాన్సు రాజు ఒకటవ ఫ్రాన్సిస్ 1540లో ప్రిమాటిచియో అను చిత్రకారుని రోమునకు పంపి, వానికి మూసలు తీయించి తెప్పించి, ఫాంటెన్‌బ్లో భవనమున కంచుపోతలు పోయించెను. వంద సంవత్సరములు దాటిన పిమ్మట స్పెయిను రాజు నాలుగవ ఫిలిప్, మహాచిత్రకారుడైన వెలాస్క్వెజ్‌ను ఇటువంటి పనికే ఇటలీకి పంపెను.

ఫాంటెన్‌బ్లోలో జరిగిన ఒక సంగతి, గృహాలంకరణము చేయువారందరును జ్ఞాపకముంచుకొనదగినది. చెల్లీని అను స్వర్ణకారశిల్పి తాను చేసిన వెండి జూపిటరును రాజునకు చూపదలచినపుడు, ఆతడు గిట్టని రాజప్రియురాలు, ప్రిమాటిచియో తెచ్చిన కంచుప్రతిమలన్నియు వరుసగా తీర్చియున్న దీర్ఘశాలలోనే దానిని పెట్టించి, చీకటిపడినచో పని తేలిపోవునని యెంచి, రాజును రాత్రివరకు ఆపియుంచెను. చెల్లీని తక్కువవాడు కాడు. జూపిటరు కుడిచేతిలోని వజ్రాయుధపు జ్వాలలనడుమ ఒక మైనపుదివిటీని చొప్పించి, రాజు ద్వారమున అడుగిడగానే దానిని వెలిగించి, కొయ్యగుండ్లపై నున్న పీఠమును కుఱ్ఱవానిచేత మెల్లగా ముందుకు త్రోయించెను. పైనుండి ఒక్కవైపు పడిన ఆ వెలుగున జూపిటరు సజీవుడై నడచివచ్చినట్లుండగా, తక్కిన యవనప్రతిమలు వెలవెలబోయినవట. ఇది చెల్లీని తన చరిత్రలో తానే వ్రాసికొన్న కథ గనుక, కొంత మినహాయించుకొనుట మంచిది. ఆయన తన్ను తాను తక్కువచేసికొన్న సందర్భము ఆ గ్రంథమున అరుదు. కాని వెలుగునుగూర్చి ఆయన గ్రహించినది అక్షరాల నిజము. శిల్పమనగా నీడలే. ఎదుటినుండి సమముగా పడు వెలుగులో, మన యిండ్లలో గోడపైనుండి గదియంతయు పరచుకొను ట్యూబులైటు కాంతిలో, ఎంతటి ముఖమైనను పిండిముద్దవలె చదునై పోవును. అదే ముఖమును కిటికీకి ప్రక్కగా, వెలుగు ఒక చెంపను తాకి రెండవ చెంపను విడుచునట్లు నిలుపుడు. కనుబొమక్రింది లోతు, పెదవిమూలల మడత, మెడలోని స్నాయువు, అన్నియు తమంత తాముగా లేచివచ్చును.

ఇంగ్లండులో పదునెనిమిదవ శతాబ్దినాటి ప్రభువులు ఈ యలంకారమును ఒక శాస్త్రముగానే నడపిరి. లండను చెంతనున్న సైయన్ హౌస్‌లో రాబర్ట్ ఆడమ్ అను వాస్తుశిల్పి తీర్చిన ముఖశాలను చూడుడు: ఒక కొనన బెల్వెడెరి అపోలో ప్లాస్టరుపోత, ఎదురుకొనన మరణించుచున్న గాల్ వీరుని కంచుపోత. నిలిచినవాడొకడు, నేలకు ఒరిగినవాడొకడు, తెలుపొకటి, నలుపొకటి. రెండును మూలప్రమాణములోనే యున్నవి. గాల్ వీరునియందు మరియొక విశేషము కలదు. పెర్గమమ్ రాజులు నిలిపిన మూలము కంచు. రోమున కపిటోలిన్ శాలలో దక్కినది చలువరాతి నకలు. దానినిబట్టి వలాడియే అను రోమునగరపు పోతపనివాడు సైయన్ కొరకు మరల కంచు పోసెను. నకలుకు నకలైనది, దాదాపు రెండువేల యేండ్లకు తన మొదటి లోహమునకు తిరిగివచ్చినది! దీనిని హీనమని యనుటకు నాకు నోరు రాదు.

ప్రభువులకు కంచు, చలువరాయి, మధ్యతరగతివారికి ప్లాస్టరు. ఈ ప్లాస్టరు పనిని దగ్గరనుండి చూచినచో దానిపై చులకనభావము పోవును. జిప్సమను మెత్తనిరాతిని కాల్చి పొడిచేసినచో అందలి నీరు చాలవరకు విడిపోవును; ఆ పొడిని మరల నీటితో కలిపినచో నిమిషములలో వెచ్చబడి, గట్టిపడి, గట్టిపడునపుడు రవంత ఉబ్బును. ఆ రవంత ఉబ్బుటలోనే దాని మహిమయంతయు నున్నది. మూసలోని ప్రతి గీతలోనికిని, ఉలిగుర్తులోనికిని అది చొరబడును. ముడుతలు, లోతులు ఉన్న ప్రతిమకు ఒక్కముక్కగా మూస తీయుట కుదరదు. చెవివెనుక నొకటి, గడ్డముక్రింద నొకటి, కురులసందున నొకటిగా పదులకొలది ముక్కలు చేసి, పైన తల్లిమూసతో కూర్చి, లోపల ప్లాస్టరు పోయుదురు. మూస విప్పినపుడు ముక్కల అతుకులవెంట సన్నని గట్లు వలవలె నిలుచును. తెలియని దుకాణదారు వానిని గరుకుకాగితముతో రుద్దివేసి ప్రతిమను నున్నగా చేయును. రుద్దినపుడు గట్లతోపాటు చర్మముకూడ పోవును. తెలిసినవాడు వానిని ముట్టడు. అతుకుగీతలు కనబడు పోత నమ్మదగిన పోత. ఇటలీలోని లుక్కా ప్రాంతమునుండి బయలుదేరిన పోతబొమ్మలవారు, తలపైని పలకలో వీనస్సులను అపోలోలను నిలిపికొని, యూరపు నగరములలోని వీథి వీథిని తిరిగి అమ్మిరి. లండనులో బ్రుచియాని వంటివారు పెద్దశాలలకే పోతలు తీసియిచ్చిరి.

పోత ఎంత నమ్మకమైనదనుటకు ఒక నిదర్శనము చాలును. ఎల్గిన్ ప్రభువు మనుష్యులు 1801 మొదలుకొని పార్థెనాన్ ఆలయపు శిల్పములను ఊడబెరికి తీసికొనిపోయినపుడు, పడమటివైపు పట్టెడలో, అనగా గోడపైని చెక్కడపు వరుసలో, చాలభాగము గుడిమీదనే మిగిలిపోగా, దానికి ప్లాస్టరు మూసలు తీసికొనిపోయిరి. తరువాతి కాలమున ఏథెన్సు వానగాలికిని పొగకును గుడిమీది రాయి తినివేయబడెను. నేడు ఆ ముఖములలోని కొన్ని రేఖలు మూలమునందు లేవు. లండనులోని ప్లాస్టరుపోతలలో నున్నవి. ఎల్గిన్ చేసినపని న్యాయమా అన్యాయమా యను వివాదము వేరు. 1816లో పార్లమెంటు 35,000 పౌనులకు ఆ సొత్తును కొన్నప్పటికే అది మొదలై, నేటికిని తెగలేదు. మన అమరావతి స్తూపపు పలకలును అదే బ్రిటిష్ మ్యూజియమున నుండుటచేత, ఈ వివాదము విన్నప్పుడు తెలుగువాడు పరాయి సంగతియని చెవి త్రిప్పుకొనజాలడు.

ఇంతవరకు బాగుగనే యుండెను. చెడినది పంతొమ్మిదవ శతాబ్దిలో, కొలతను తగ్గించు యంత్రము వచ్చినపిదప. ఫ్రాన్సులో కొల్లాస్ అను యంత్రకారుడు 1836 ప్రాంతమున ఒక యంత్రమును నిర్మించెను. దాని ఒక కొనన నున్న మొద్దుమొన ప్రతిమను తడవుకొనుచు పోగా, రెండవ కొనన నున్న ఉలి అదేరూపమును కావలసినంత చిన్నదిగా చెక్కును. బార్బెడియెన్ అను వ్యాపారి ఆతనితో కలసి, లూవ్ర్ శాలలోని మహాప్రతిమలను నిలువెత్తునుండి జానెడువరకు పలుకొలతలలో కంచుపోతలు పోసి అమ్మెను. ఇంగ్లండులో చెవర్టన్ ఇటువంటి యంత్రమునే చేసెను. పారోస్ ద్వీపపు చలువరాతి పేరు పెట్టిన తెల్లని పింగాణితో, యంత్రము తగ్గించి యిచ్చిన బొమ్మలను కుండలపనివారు వేలకువేలు దింపిరి. మిలో ద్వీపమున 1820లో దొరకిన వీనస్ ప్రతిమ రెండుగజములకు పైబడిన యెత్తుది. ఆమె నడుముకడ శరీరము ఒకవైపునకు మెల్లగా ఒరుగుటయందు, వస్త్రము జారనున్నదా నిలిచియున్నదా యను సందేహమునందు ఏ సౌందర్యమున్నదో అది ఆ పరిమాణమున నున్నది. ఆమెను తొమ్మిదంగుళములకు కుదించి, గడియారమునకు ఒకప్రక్క, పూలకుండకు ఒకప్రక్క నిలిపినచో మిగులునది చేతులు విరిగిన బొమ్మ. పరిమాణము శిల్పమునకు తొడుగు కాదు, ప్రాణము. తగ్గింపదలచిన శిల్పి తాను కొత్తశిల్పమును చెక్కవలసినదే గాని, యంత్రముచేత కుదింపరాదు. గ్రీకులే చిన్నబొమ్మలు చేయదలచినపుడు, టనాగ్రా మట్టిబొమ్మలవలె, చేతికి అమరు కొలతలోనే వానిని ఊహించిరి.

మన పట్టణములలో కల్యాణమండపముల ముంగిట సిమెంటు అప్సరసలు, గ్రీకుదేవతలో రోమకదేవతలో తమకే తెలియని స్థితిలో, బంగారుపూతతో రంగుబల్బులక్రింద నిలిచియుండుట చూచుచున్నాము. పెండ్లివారి సంతోషమును తప్పుపట్టుట నాపని కాదు. కాని బంగారుపూతను గూర్చి మాత్రము ఒకమాట చెప్పవలెను.

గ్రీకులు ప్రతిమలకు రంగులు పూసిరనుట నేడు నిశ్చయము. కురులకు, పెదవులకు, కన్నులకు, వస్త్రపుటంచులకు వర్ణములుండెను. వానలకును కాలమునకును రాలిపోయి తెల్లరాయి మిగిలెను. ఆ తెలుపే యవనుల ఆదర్శమని విన్‌కెల్‌మన్ మొదలగు పండితులు భ్రమించి, ఆ భ్రమను యూరపునకెల్ల నేర్పిరి. 1854లో లండనుప్రాంతపు సిడెన్‌హామ్‌లో స్ఫటికభవనము మరల కట్టబడినపుడు, ఓవెన్ జోన్స్ అను వాస్తుశిల్పి పార్థెనాన్ పట్టెడ పోతకు రంగులు పూయించి చూపగా పెక్కుమంది కోపించిరి. తెలుపుమీది మోహము ఎంత హాని చేయునో 1937–38లో తెలిసినది: బ్రిటిష్ మ్యూజియమున ఎల్గిన్ శిల్పముల తేనెరంగు పొరను, తెల్లగా చేయు నుత్సాహముతో, రాగిపనిముట్లతో గీకివేసిరి. అయినచో ఇంటిలోని పోతకు మనము రంగు వేయవలెనా? నా యభిప్రాయమున వేయరాదు. మూలపురంగు మనకు పూర్తిగా తెలియదు. తెలిసినను వేయుచేయి ఆ చేయి కాదు. ప్లాస్టరును ప్లాస్టరుగానే ఉండనిచ్చి, పచ్చితెలుపు కంటికి గ్రుచ్చుకొన్నచో పలుచని లక్కపూతతో దంతపుఛాయకు తెచ్చినచో చాలును. కంచువలె నల్లపూత, బంగారమువలె పచ్చపూత, చలువరాతివలె నరములు గీయుట, ఇవన్నియు అబద్ధములు. నకలు తాను నకలని ఒప్పుకొన్నంతకాలము దానికి గౌరవము తరుగదు.

గోడకు అమర్చు చెక్కడములు మాత్రము పైన చెప్పిన కుదింపు దోషమునకు చాలవరకు దూరము. పార్థెనాన్ పట్టెడయే తీసికొనుడు: దాదాపు 160 మీటర్ల పొడవు, ఒక మీటరు ఎత్తు, చెక్కడపు లోతు రెండుమూడంగుళములు మాత్రమే. అది నేలకు సుమారు 12 మీటర్ల యెత్తున, స్తంభములచాటున, నీడలో నుండెను; క్రిందినుండి తలయెత్తి చూచువారికి కనబడవలెనని శిల్పులు పైభాగమును లోతుగాను క్రిందిభాగమును పలుచగాను చెక్కిరి. గుఱ్ఱముపై లంఘించు ఏథెన్సు యువకుని కాలివ్రేళ్లను, గుఱ్ఱపు ముట్టెపైని నరమును మనము ఇంటిగోడమీద చూచినంత దగ్గరగా ఆ గుడిని కట్టించిన పెరిక్లీస్ సైతము, పని ముగిసి పరంజ దింపినపిదప, చూచియుండడు. జాన్ హెన్నింగ్ అను స్కాట్లండువాడు పండ్రెండేండ్లు శ్రమించి ఈ పట్టెడనంతటిని రెండంగుళముల యెత్తున పలకరాతిమూసలలో దింపగా, అది చెడలేదు. చెక్కడము చిత్రలేఖనమునకు చుట్టము గనుక తగ్గించినను ఓర్చుకొనును. ఆయనకు మాత్రము లాభము దక్కలేదు. ఇతరులు ఆయన పోతలకు దొంగమూసలు తీసి అమ్ముకొనిరి.

ప్రతిమతో కాపురముచేసినవారిని గూర్చి ఒకటి రెండు మాటలు. జర్మను మహాకవి గెటే, రోమున నున్నపుడే జూనోదేవి మహాశిరస్సును ప్రేమించి, వృద్ధాప్యమున దాని పోత చేతికిరాగా వైమారులోని తన యింట నిలుపుకొనెను. అది మనిషితలకు ఎన్నోరెట్లు పెద్దది. ఆ గదికి జూనోగది యనియే పేరు వచ్చెను. ఆ శిరస్సు దేవతది కాదు, ఆంటోనియా అను రోమకరాజకుటుంబపు స్త్రీది యని తరువాతి పండితులు తేల్చిరి. గెటే అనుభవించిన యానందమును ఆ తీర్పు ఏమి చేయగలదు? వియన్నాలో మానసికవైద్యుడు ఫ్రాయిడ్, వాటికను శాలలో చూచిన గ్రాడివా యను నడచుచున్న యువతి చెక్కడపు పోతను తన వైద్యశయ్య కాలికొనవైపు గోడకు వ్రేలాడదీసెను. అమెరికాలో, పాతయలంకారములన్నిటిని ఇంటినుండి గెంటివేసిన ఫ్రాంక్ లాయిడ్ రైట్, తాను కట్టిన గృహములలో సమోత్రాకీ విజయదేవత చిన్నపోతను మాత్రము పలుమారు నిలిపెను. కుదింపును నిందించిన నేను ఇచ్చట తలవంచవలసినదే. తలలేని ఆ దేవత రెక్కలు విచ్చి గాలిలోనికి దూకు వేగము, మూరెడు బొమ్మలో సైతము చావలేదు. రైట్ దానిని ఒంటరిగా, వెనుక ఏమియు లేని చోట నుంచుటయు దానికి తోడుపడినది.

మన దేశమున ఈ పోతలు ఇండ్లకన్న ముందు చిత్రకళాశాలలకు వచ్చినవి. మన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు చదివిన బొంబాయి జె.జె. కళాశాలలో ప్లాస్టరుప్రతిమలను చూచి గీయుట పాఠముగా నుండెను. కలకత్తాలో కళాశాలాధిపతి హావెల్, భారతీయులకు భారతీయశిల్పమే గురువు కావలెనని, పాశ్చాత్యనకళ్లను తొలగింపగా విద్యార్థులే అలజడిచేసిరి. ఇరువురిపక్షమునను న్యాయమున్నది. పాఠశాలలో బలవంతముగా నేర్పు నాదర్శము వేరు, ఇంటిలో ఇష్టపడి తెచ్చుకొను వస్తువు వేరు. అమరావతి పలక పోతయు, పార్థెనాన్ యువకుని పోతయు ఒకేగోడపై నున్నచో పోట్లాడుకొనవు. ఒకే గూటిలో నటరాజును, అపోలోను, బుద్ధుని ఇరికించినచో మాత్రము ముగ్గురును అంగడిలోని సరకగుదురు.

కొనదలచినవారికి కడపట కొన్నిమాటలు. నిలువెత్తు బొమ్మకు తగిన హాలు లేనిచో తలనో చెక్కడమునో కొనుడు. చక్రక్షేపకుని కొనునప్పుడు మెడను చూడుడు: బ్రిటిష్ మ్యూజియమునందలి ప్రతిమకు తలను తప్పుగా అతికిరి, అది నేలవైపు చూచును, రోమునందలి మేలైన ప్రతిలో ముఖము వెనుకకు, చక్రమువైపు తిరిగియుండును. లావోకోవాన్ కుడిచేయి ఆకాశమునకు చాచియున్నచో అది పాతనమ్మకపు పోత. 1906లో దొరకిన నిజమైన చేయి మోచేతికడ వంగి తలవెనుకకు పోవును. మూలము ఏ శాలలో నున్నదో, ఎంత యెత్తుదో అమ్మువానిని అడుగుడు. చెప్పలేనిచో మరియొక దుకాణమునకు నడువుడు. ప్రతిమకన్నులు మీకన్నుల యెత్తున నుండునట్లు పీఠము చేయింపుడు. వెనుక గోడకు ఒకేరంగు, లేత బూడిదయో మట్టిరంగో, వేయింపుడు. విశాఖ, మచిలీపట్నము వంటి సముద్రపుటొడ్డు ఊళ్లలో ప్లాస్టరు చెమ్మను పీల్చును గనుక, దానిని వెలిగోడకు ఆనింపక బెత్తెడు ఎడముగా నుంచుడు. పండుగకు ఇల్లు కడుగునపుడు తడిగుడ్డతో దానిని తుడువకుడు. ప్లాస్టరు నీటికి కొంచెము కొంచెముగా కరగును, మొదట పోవునది ముక్కుకొన. మెత్తని కుంచెతో దుమ్ము దులుపుట చాలును.